రామాపిథెకస్ నీడలో ఎల్విన్ సైమన్స్

మనిషి పరిణామం గురించిన పాఠాల్లో రామాపిథెకస్ అనే పేరు చాలామంది చదివే ఉంటారు. మన తొలి పూర్వీకుడిగా దానికి అంత పేరు రావడానికి ముఖ్య కారణం అమెరికన్ శాస్త్రవేత్త ఎల్విన్ సైమన్స్. ఆ వాదన నిలవలేదు. కానీ ఆయన్ని ఆ ఒక్క పొరపాటుతోనే గుర్తు పెట్టుకోవడం అన్యాయం.

1932లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్‌కి నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర శిలాజంగా మారిన ఒక పైదవడ ముక్క దొరికింది. ఆయనే దానికి రాముడి పేరు పెట్టారు. 1960లో యేల్‌లో చేరిన సైమన్స్ మరుసటి ఏడాదే దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. పళ్ల వరుస మనిషిదిలా వంపు తిరిగి ఉందని ఆయన వాదన. నిజానికి దవడ మధ్యభాగం దొరకనే లేదు, ఆ వంపు ఊహించి గీసిందే.

1967లో సారిచ్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు మనిషి, ఇతర జీవుల రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పోల్చి చూశారు. మనిషి, ఆఫ్రికా వాలిడులు (చింపాంజీ, గొరిల్లా లాంటి తోకలేని వానరాలు) విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లే అయిందన్నారు. రామాపిథెకస్ వయసు కోటి ఏళ్లకు పైమాటేనని అప్పటి లెక్క! అలాంటప్పుడు అది మన తొలి పూర్వీకుడు ఎలా అవుతుంది? 1982లో పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమి నుంచి వచ్చిన శివాపిథెకస్ అనే మరో ప్రాచీన వాలిడు ముఖం వివరాలు వెలువడ్డాయి. అది ఆసియా వాలిడు ఒరాంగుటాన్‌ను పోలి ఉంది. రామాపిథెకస్ కూడా వేరే జీవి కాదని తేలి, శివాపిథెకస్‌లో కలిసిపోయింది. సైమన్స్‌తో కలిసి పాత వాదన చేసిన డేవిడ్ పిల్‌బీమే ఈ మార్పును ముందుకు తెచ్చారు.

సైమన్స్ అసలు కృషి ఈజిప్టులోని ఫయూమ్ ఎడారిలో ఉంది. 1961లో మొదలుపెట్టి, మధ్యలో కొన్నేళ్లు ఆగినా, దశాబ్దాల పాటు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. అక్కడి పని పద్ధతి నాకెంతో నచ్చుతుంది. నేలపై పరుచుకున్న గులకరాళ్లను ఊడ్చేసి వెళ్లిపోతారు. ఏడాదంతా గాలి ఇసుకను ఎగరగొడుతుంది. మళ్లీ వచ్చేసరికి ఎముకలు పైకి తేలి ఉంటాయి. అలాంటి ఓపికకు దక్కిందే ఈజిప్టోపిథెకస్. సుమారు 3 కోట్ల ఏళ్ల నాటిది. కోతులు, వాలిడులు వేర్వేరు శాఖలు కాకముందు ఎలా ఉండేవో చూపించే జీవి. దాని పుర్రె 1966లో దొరికింది.

1977లో డ్యూక్ యూనివర్సిటీకి మారి, 1991 దాకా అక్కడి లెమూర్ల (మడగాస్కర్ దీవిలో ఉండే, కోతులకు దూరపు బంధువులైన జంతువుల) కేంద్రాన్ని నడిపారు. మడగాస్కర్‌లో అంతరించిన పెద్ద లెమూర్ల ఎముకలనూ వెలికితీశారు.

2007లో, 76 ఏళ్ల వయసులో, ఈజిప్టోపిథెకస్ ఆడజీవి పుర్రెను సహచరులతో కలిసి స్కాన్ చేయించి వివరాలు ప్రచురించారు. దాని మెదడు అంతకుముందు అనుకున్నదానికంటే బాగా చిన్నదని తేలింది. 2016లో కన్నుమూశారు.