ఫ్లోరైడ్ ఏ డిపార్ట్‌మెంట్ సబ్జెక్టు?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర టీ తాగుతుంటే మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒకాయన నన్ను పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణని ఎవరో చెప్పారట.

"మా పిల్ల పీజీల చేరింది సారూ. రాళ్ళ మీద ప్రాజెక్టు చేస్తదట. దాని దోస్తేమో పాత చెరువుల మీద. ఇంకొకామె పల్లెల మాటలు, సామెతలు రాసుకుంటదట. గిన్ని ఫీజులు కట్టి రాళ్ళేంది, సామెతలేంది? మా ఊరికి అక్కరొచ్చేది ఎవరన్న చదువుతరా?"

మాట్లాడుతూ నవ్వాడు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, ఫ్లోరైడ్ నీళ్ళు గీసినవి. జవాబు ఆయన నోట్లోనే ఉంది కానీ ఆ మాట పైకి అనలేక ఇంకో టీ చెప్పాను. ఆ టీ పూర్తయ్యేలోపు చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

యూనివర్సిటీలో ఎన్ని శాఖలుంటాయి, పీహెచ్‌డీ ఎన్నేళ్ళు పడుతుంది లాంటి సంగతులు నాకే బోరు, వదిలేస్తున్నాను. శోధ్‌గంగ అని ఒక వెబ్‌సైట్ ఉంది. మన దేశపు యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో అక్కడ ఉచితంగా దొరుకుతాయి. రిటైరయ్యాక నాకు అదొక వ్యసనమైంది. ఏదో ఒక మాట కొట్టడం, అది ఏయే శాఖల్లో తేలుతుందో చూడటం. ఫ్లోరైడ్ అని కొడితే భూగర్భ శాస్త్రం, రసాయనం, సివిల్ ఇంజనీరింగ్, వైద్యం, ఇలా నాలుగు దిక్కులా తేలుతుంది. ఈ నాలుగు దిక్కులవాళ్ళూ నాలుగు భాషల్లో ఒకే కథ రాస్తున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కథ బస్సు సీటుది.

దేవరకొండ బస్సు ఎక్కండి. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునే వాళ్ళను చూసే ఉంటారు. ఫ్లోరైడ్ అలాంటి ప్రయాణికుడు. అది ఒక అయాను, అంటే విద్యుదావేశమున్న కణం. నీళ్ళలో హైడ్రాక్సిల్ అనే ఇంకో అయాను ఉంటుంది, ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ అతుక్కున్న జంట. రెండింటికీ ఒకే రుణావేశం. సైజు కూడా ఇంచుమించు ఒకటే. ఫ్లోరైడ్ వ్యాసార్థం 1.33 ఆంగ్‌స్ట్రామ్‌లు (సెంటీమీటరులో పదికోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్), హైడ్రాక్సిల్‌ది దాదాపు 1.37. ఒకే టికెట్టు, ఒకే ఒళ్ళు. కాబట్టి హైడ్రాక్సిల్ కోసం ఉన్న సీట్లో ఫ్లోరైడ్ సుఖంగా కూర్చోగలదు, ఫ్లోరైడ్ లేస్తే హైడ్రాక్సిల్ కూర్చోగలదు. ఎవరు కూర్చుంటారన్నది చాలావరకు బస్సులో ఎవరి గుంపు పెద్దదో దాన్ని బట్టి ఉంటుంది.

మొదటి బస్సు రాయి. నల్లగొండ గ్రానైట్‌లో కిలోకు సగటున 1440 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని కొలిచారు. గ్రానైట్‌కు ప్రపంచ సగటు 810. మన రాయిలో మిలమిల మెరిసే నల్ల అభ్రకం పొరలుంటాయి, బయొటైట్ అంటారు. ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ సీట్లున్నాయి. రాయి పుట్టినప్పుడే వాటిలో కొన్నింట్లో ఫ్లోరైడ్ చేరి కూర్చుంది. వాననీరు మట్టిలో దిగుతూ వేర్లు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది, రాతిలోని సోడియంను కరిగిస్తుంది, మెల్లగా సోడియం బైకార్బొనేట్ నీరవుతుంది. అంటే క్షారం. క్షారం అంటేనే హైడ్రాక్సిల్ గుంపు. గుంపు ఎక్కగానే ఫ్లోరైడ్ దిగిపోతుంది, మన బోర్లోకి.

దిగినదాన్ని పట్టుకునే పోలీసు ఒకడున్నాడు, కాల్షియం. కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢతతో ఒకసారి గుణించి, మళ్ళీ ఫ్లోరైడ్‌తోనే ఇంకోసారి గుణించండి. ఆ లబ్ధం ఒక హద్దు దాటగానే రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకట్టి కిందికి దిగుతాయి. ఫ్లోరైడ్ రెండుసార్లు గుణకారంలో ఉంది కాబట్టి లెక్క వర్గమూలంలో నడుస్తుంది. మిగతా లవణాల ప్రభావం పక్కన పెడితే, లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్ళలో దాదాపు 3.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ నిలవగలదు. కాల్షియం పదికి పడిపోతే 7 దాకా నిలుస్తుంది. కాల్షియం నాలుగో వంతైతే ఫ్లోరైడ్ హద్దు రెట్టింపు. బైకార్బొనేట్ ఎక్కువైన చోట కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా విడిపోతుంది. పోలీసు డ్యూటీకి రాకముందే దొంగ ఊరు దాటాడన్నమాట. తాగునీటికి మన భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు.

ఇప్పుడు ఆ పల్లెమాటలు రాసుకునే అమ్మాయి దగ్గరికి వద్దాం. మన ఊళ్ళలో నీళ్ళకు పేర్లున్నాయి: ఉప్పు నీళ్ళు, చవుడు నీళ్ళు, తీపి నీళ్ళు, పప్పు ఉడికే నీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు. పప్పు ఉడకకపోవడానికి కారణం కాల్షియం, మెగ్నీషియం. పప్పులోని కణాల గోడల్లో ఉండే పెక్టిన్ అనే జిగురును కాల్షియం బిగించేస్తుంది. అంటే మా అమ్మమ్మ మెచ్చుకున్న "పప్పు ఉడికే తీపి నీళ్ళు" కాల్షియం తక్కువున్న నీళ్ళు. పైన చెప్పిన గుణకారం ప్రకారం ఫ్లోరైడ్ ఎక్కువ నిలవడానికి అవకాశమున్న నీళ్ళు కూడా అవే. ప్రతి బావికీ ఇది వర్తిస్తుందని కాదు, చెలమ నీళ్ళు కూడా తీపే, వాటిలో ఫ్లోరైడ్ తక్కువ. కానీ ఈ మోతాదుల్లో ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నాలుక పెట్టిన పేరును నమ్మి ఊరంతా ఒకే బావికి పోయిందా, లేదా? అది తెలియాలంటే మాటలు రాసుకునేవాళ్ళు కావాలి. ఏ జియాలజీ గ్రంథంలోనూ ఈ పేర్ల పట్టిక నాకు కనిపించలేదు.

రెండో బస్సు పటిక. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి 1970లలో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతి తయారుచేసింది. పేరు నల్లగొండ టెక్నిక్. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లో నీటి ఇంజనీర్లకు మన ఊరి పేరు ఇలాగే తెలుసు. గర్వపడాలో బాధపడాలో ఇప్పటికీ నాకు తేలలేదు. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలుపుతారు. పటికలోని అల్యూమినియం నీటితో కలిసి దూదిపింజల్లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవుతుంది. పేరులోనే ఉంది చూడండి, హైడ్రాక్సైడ్! అవన్నీ హైడ్రాక్సిల్ సీట్లే. ఫ్లోరైడ్ వచ్చి వాటిల్లో కూర్చుంటుంది, పింజలు అడుక్కి దిగుతాయి, పైన తేట నీరు వంచుకోవడమే. పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టే కాదు, నీటి క్షారతను బట్టి కూడా మారుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఈ పద్ధతి చాలా ఊళ్ళలో నిలవలేదు. కొలిచి వేసే మనిషి రోజూ ఉండాలి, అడుగున మిగిలిన బురదను ఎక్కడో పారబోయాలి.

దీనికి చుట్టం యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్, అంటే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు నింపింది. అందులో సీట్లు నిండిపోతే కాస్టిక్ సోడా ద్రావణం పోస్తారు. హైడ్రాక్సిల్ గుంపు ఒక్కసారిగా ఎక్కుతుంది, ఫ్లోరైడ్ చాలావరకు దిగిపోతుంది, ఆమ్లంతో ఒకసారి కడిగితే ఫిల్టర్ మళ్ళీ పనికొస్తుంది. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నల్లగొండ భూమి కింద జరుగుతున్నది అక్షరాలా ఇదే కదా! గ్రానైట్ ఒక పెద్ద ఫిల్టరు, సీట్లు ఎప్పుడో నిండాయి, క్షారపు నీరు దాన్ని వేల ఏళ్ళుగా కడుగుతోంది. ఇంజనీర్లు రీజనరేషన్ అంటున్నదాన్నే జియాలజీవాళ్ళు లీచింగ్ అంటున్నారు.

మూడో బస్సు మన ఒళ్ళు. ఎముక, పన్ను రెండింట్లో ఉండే ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. మళ్ళీ పేరులోనే సీటు. ఫ్లోరైడ్ కూర్చుంటే అది ఫ్లోర్ అపటైట్ అవుతుంది. ఫ్లోరైడ్ ఈ సీట్లో హైడ్రాక్సిల్ కంటే బిగుతుగా, సర్దుకుని కూర్చుంటుంది, స్ఫటికం తేలిగ్గా కరగదు. కొద్ది మోతాదులో పంటికి ఇది మేలు, టూత్‌పేస్టులో కలిపేది అందుకే. మోతాదు మించితే ఎముకను ఎప్పటికప్పుడు కరిగించి కొత్తది కట్టే పని గాడి తప్పుతుంది, కీళ్ళ చుట్టూ నరాల్లా ఉండే కట్లు కూడా గట్టిపడతాయి, నడుము వంగదు, మెడ తిరగదు. పెద్దవాళ్ళలో ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో పోతుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ భాగం ఎముకల్లో ఉండిపోతుంది, ఎందుకంటే వాళ్ళ బస్సులో సీట్లు ఇంకా బిగిస్తున్నారు.

ఒకప్పుడు దీన్ని ఊరికి తగిలిన శాపమన్నారు. ఆ ఊళ్ళకు పిల్లనివ్వమన్నారు. ఇప్పుడు మూఢనమ్మకం ఇంకో వైపు తిరిగింది. జుట్టు రాలినా ఫ్లోరైడే అంటారు. పన్ను మీది మచ్చ మాత్రం అబద్ధం చెప్పదు. శాశ్వత దంతాలు చిగురు కింద తయారయ్యే కాలంలో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, తాగిన నీళ్ళ రికార్డు అది.

నా విద్యార్థి ఒకడు ఈ మూడు బస్సుల్ని ఒకే పరిశోధనగా చేస్తానని ప్రతిపాదన రాశాడు. రాయి, పటిక, ఎముక, మూడింట్లో సీటు మారే వేగాన్ని పోల్చడం. చక్కటి ఆలోచన. కమిటీ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది ఏ డిపార్ట్‌మెంట్‌ది?" ఫైలు వెనక్కొచ్చింది. వాడు ఇప్పుడు మందుల కంపెనీలో ఉన్నాడు, జీతం బాగానే ఉంది. ఆ యూనివర్సిటీ పేరు రాయను.

గోడలు దాటితే ఏం దొరుకుతుందో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ మించితే వచ్చే ఈ జబ్బు) మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది 1955 డిసెంబరులో. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిందీ ఆ నెలలోనే. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఒక కొత్త లక్షణం గురించి రాశారు: ఫ్లోరైడ్ ఊళ్ళ యువకుల్లో మోకాళ్ళు లోపలికి ఒరిగి రాసుకోవడం, ఎముకలు గుల్లబారడం. తర్వాత వాళ్ళు పట్టుకున్న తీగ ఇది. డ్యామ్, కాలువల ఊటతో నేలలో నీటిమట్టం పెరిగింది, మట్టిలో క్షారం పెరిగింది, క్షారపు మట్టిలో మాలిబ్డినం అనే లోహం విడుదలైంది, ఆ మాలిబ్డినం జొన్నగింజలోకి చేరింది, జొన్న తిన్నవాళ్ళ మూత్రంలో రాగి ఎక్కువగా పోయింది, ఎముకలోని కొల్లాజెన్ పోగుల్ని ముడివేసే ఎంజైమ్‌కు ఆ రాగే కావాలి. సివిల్, మట్టి, వ్యవసాయం, ఆహారం, బయోకెమిస్ట్రీ, ఎముకల వైద్యం. ఇది అన్ని కేసులకూ చివరిమాట అని నేననను. కానీ మట్టిలో మాలిబ్డినం ఎందుకు విడుదలైందో గమనించారా? మట్టి రేణువుల్లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల మీద మాలిబ్డినం మాలిబ్డేట్ అనే అయానుగా కూర్చుని ఉంటుంది. క్షారం పెరగగానే హైడ్రాక్సిల్ వచ్చి దాన్ని లేపింది. మళ్ళీ అదే బస్సు!

లెక్కలవాళ్ళకూ పనుంది. 1957లో అమెరికాలో ఒక సూత్రం కట్టారు. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటును ఫారన్‌హీట్‌లో తీసుకుని 0.0062తో గుణించి 0.038 తీసేయాలి. వచ్చినదానితో 0.34ను భాగిస్తే అక్కడి నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్ తగినదో వస్తుంది. ఎండ ఎక్కువైతే పిల్లలు నీళ్ళు ఎక్కువ తాగుతారన్నదే దీని వెనకున్న ఆలోచన. మనకు ఏడాది సగటు గరిష్ఠం 33 సెల్సియస్ అనుకుంటే లెక్క లీటరుకు 0.64 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. మే నెలలో ఉపాధి పనికి పోయినామె ఐదు లీటర్లు తాగుతుంది. నీళ్ళలో ఉన్నది 1.5 అయినా ఒంట్లోకి పోయేది రోజుకు 7.5 మిల్లీగ్రాములు. ఆఫీసులో రెండు లీటర్లు తాగేవాడికి 3. హద్దు ఒకటే, ఒళ్ళు వేరు.

చింతపండు సంగతి చెప్పకపోతే మా ఇంట్లో ఒప్పుకోరు. పోషకాహార సంస్థవాళ్ళే కొందరు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయింది. పచ్చిపులుసు వైద్యమని నేననడం లేదు, మా ఆవిడ అంటోంది.

ఇక చెరువుల చరిత్ర. నల్లగొండ పక్కనున్న పానగల్లు చెరువు ఉదయసముద్రం, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలంనాటిది. చెరువు నీరు వాన నీరు, రాతితో కలిసి ఉండే కాలం తక్కువ, కాబట్టి ఫ్లోరైడ్ తక్కువ. లోతైన బోరు నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నానిన నీరు. ఏ చెరువు ఎప్పుడు పూడింది, ఏ ఊరు చెలమ వదిలి బోరు ఎప్పుడు వేసింది అన్న తేదీలు డాక్టరుకు కావాల్సిన తేదీలే. అవి ఉండేది చరిత్ర శాఖలో. ఆ ఉదయసముద్రంలోకి ఇప్పుడు కృష్ణ నీళ్ళు వస్తున్నాయి, మిషన్ భగీరథతో ఊళ్ళకూ నది నీరు చేరింది.

ఇదంతా సగం సగం చెప్పేసరికి టీ చల్లారింది. (టీ ఆకు కూడా ఫ్లోరైడ్‌ను దాచుకునే మొక్కేనని ఆ పూట చెప్పలేదు.) ఆయన లేచి గ్లాసు పెట్టి అడిగాడు.

"మాకు కృష్ణ నీళ్ళొచ్చినయ్ సారూ. బర్రెలు ఇంకా బోరు నీళ్ళే తాగుతున్నయ్. పాలల్లకు వస్తదా?"

"పాలల్లకు శానా తక్కువ. ఎముకల్లకే పోతది."

"అంటే బర్రెకే ఖరాబు. అదెవరు చదువుతరు?"

పశువైద్యం వాళ్ళు. వాళ్ళ కాలేజీ రాజేంద్రనగర్‌లో ఉంది, వేరే యూనివర్సిటీ కింద.