నల్లగొండ ఫ్లోరైడ్: పటిక బకెట్టు నుంచి కృష్ణా కుళాయి దాకా

నీటిశుద్ధి పాఠ్యపుస్తకాల్లో మన జిల్లా పేరుతో ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన ఆ పద్ధతిని 'నల్లగొండ టెక్నిక్' అంటారు. ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లిన ఈ పద్ధతి పేరు పెట్టుకున్న గడ్డ మీదే నిలదొక్కుకోలేకపోయింది. ఎందుకలా జరిగిందో చూస్తే, ఆ తర్వాత వచ్చిన పథకాలన్నీ ఒక ప్రశ్నను పక్కన పెట్టి సాగిన తీరు కూడా తెలుస్తుంది: నీటిలోంచి తీసిన ఫ్లోరైడ్ ఎక్కడికి పోవాలి?

మూలం రాతిలో ఉంది. ఇక్కడి గ్రానైట్, నైస్ శిలల్లోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలలోంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో క్షారత ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే మరింతగా దిగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలుస్తుంది. చెరువు కింద, మోటబావిలో పైపైన ఊరే నీటి కంటే లోతు బోర్ల నీరు రాతితో ఎక్కువ కాలం కాపురం చేసి వస్తుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చనీ, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. అయితే వేసవిలో కూలికి పోయే మనిషి మామూలు కంటే చాలా ఎక్కువ నీళ్లు తాగుతాడు కాబట్టి, ఒళ్లొంచి పనిచేసేవారికే ఈ విషం ఎక్కువ మోతాదులో అందుతుంది.

ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, దేశంలో తొలిసారి 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండలో వంగిపోయిన వెన్నులు, బిగుసుకుపోయిన కీళ్ల గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆయకట్టు పచ్చబడింది గానీ ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ ప్రాంతాలకు ఆ నీరు ఎక్కలేదు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న వైనాన్ని లాన్సెట్‌లో ప్రచురించారు. ఆనకట్ట వచ్చాక భూగర్భ జలాల తీరు మారిందనీ, జొన్న తినేవారి ఒంట్లో మాలిబ్డినం అనే లోహం పెరిగి రాగి తగ్గడం దీనికి తోడైందనీ వారి పరిశోధనలు సూచించాయి. మేలు కోసం కట్టిన ప్రాజెక్టు నేల లోపల ఇంకేం కదిలిస్తుందో ముందుగా చూసే అలవాటు అప్పుడు లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు.

ఇక ఆ టెక్నిక్ సంగతి. అడుగుభాగానికి కాస్త పైన కుళాయి బిగించిన నలభై లీటర్ల బకెట్టులో నీళ్లు పోసి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే తెల్లని మడ్డి అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీటిని కుళాయి తిప్పి పట్టుకోవాలి. రసాయన శాస్త్రం ప్రకారం ఇందులో లోపం లేదు. అయితే ప్రతి బావి నీటికీ పటిక మోతాదు వేరు, తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ కలిపే పని ఇంటి ఆడవాళ్లదే. అడుగున మిగిలిన మడ్డిలో తీసిన ఫ్లోరైడంతా ఉంటుంది, దాన్ని పారబోసేది మాత్రం పెరట్లోనే.

గారపండ్ల మీద సానుభూతి చూపడం తప్ప నీళ్లు ఇవ్వని ప్రభుత్వాలను కదిలించడానికి నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు వేయించింది. నల్లగొండ స్థానంలో 480 మంది బరిలో నిలవడంతో బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టం మార్చి అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీటి కంటే ముందు నామినేషన్ ఖరీదు పెరిగిందన్నమాట.

తర్వాతి దారి, ఉన్న నీటిని శుద్ధి చేయడం మానేసి వేరే నీటిని తేవడం. సాగర్ వెనుక జలాలను పుట్టంగండి వద్ద ఎత్తి అక్కంపల్లి జలాశయానికి చేర్చే పథకం జిల్లా ఊళ్లకు కృష్ణా నీటిని దగ్గర చేసింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథ దాన్ని ఇంటి కుళాయిదాకా తెచ్చింది. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో ప్రకటించారు. ఆ లెక్క తాగునీటి సరఫరాకు సంబంధించింది, భూమి లోపలి నీటికి కాదు. ఆ తేడా గుర్తుంచుకుంటే, తరతరాల నరకాన్ని తప్పించిన ఆ పనికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వడానికి నాకు ఇబ్బంది లేదు.

దీని వెనుక కరెంటు ఖర్చు ఉంది. వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్లు ఎత్తాలంటే, నష్టాలేవీ లేవనుకున్నా, పావు యూనిట్‌కు పైనే కావాలి. బోరు మోటార్లకూ ఇదే లెక్క. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక, కరెంటు ఆదా కోసం కెపాసిటర్లు, ఐఎస్ఐ గుర్తున్న మోటార్లు, మంచి పైపులు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వులు బిగించుకోవాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ నిబంధన చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలాల్సి వచ్చింది. కరెంటు వచ్చిందే తడవుగా తనంతట తాను తిరిగే మోటారు, అవసరం ఉన్నా లేకున్నా నీటిమట్టాన్ని కిందికి నెడుతుంది. మట్టం దిగితే బోరు లోతు పెరుగుతుంది, లోతుతో పాటు రాతి సావాసమూ పెరుగుతుంది. సోలార్ పంపుసెట్లకు కేంద్రం 2019లో తెచ్చిన కుసుమ్ పథకంతో కరెంటు శుభ్రమవుతుంది. కానీ ఎండ ఉచితమే కాబట్టి, ఎంత తోడాలన్న అదుపు లేకపోతే బోరు ఇంకా లోతుకే పోతుంది.

మా బంధువుల ఊళ్లో ఒక వాకిట్లో ఇప్పుడు రెండు కుళాయిలున్నాయి. భగీరథ నీళ్లు బిందెలోకి, బోరు నీళ్లు బర్రెల తొట్టిలోకి, టమాటా మడిలోకి పోతాయి. వీధి చివర ఆర్ఓ ప్లాంటు గోడకున్న పైపులోంచి, ఫ్లోరైడ్ మరింత చిక్కబడిన వృథా నీరు మురుగు కాలువలో పడుతుంది. ఆ కాలువ చెరువు దాకా పోకముందే నేలలోకి ఇంకిపోతుంది.