మాడిన ముక్క, మూగబోయిన జన్యువు

చేపను నిప్పుల మీద కాలుస్తుంటే లేచే పొగలో ఏముందో చూద్దామన్న ఆలోచన 1970ల్లో టోక్యో జాతీయ క్యాన్సర్ కేంద్రంలో తకాషి సుగిమురాకు వచ్చింది. ఆ పొగనూ, చేప మీద మాడిన నల్లటి పొరనూ బ్యాక్టీరియా మీద పరీక్షిస్తే వాటి డీఎన్‌ఏలో మార్పులు బయటపడ్డాయి. 1986లో అమెరికా శాస్త్రవేత్తలు వేయించిన గొడ్డుమాంసం నుంచి అలాంటి పదార్థాన్నే ఒకదాన్ని వేరుచేశారు. దాన్ని ముద్దుగా ‘ఫిప్’ అంటారు.

కండలో సహజంగా ఉండే క్రియాటిన్, అమైనో ఆమ్లాలు బాగా వేడెక్కినప్పుడు ఫిప్ పుడుతుంది. పులుసులో ఉడికే ముక్క వేడి, నీళ్లు ఉన్నంతసేపు నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడ దానికి పెద్దగా అవకాశం లేదు. పెనం మీదో నిప్పుల మీదో అంచులు నల్లబడేదాకా కాల్చినప్పుడే దాని జోరు. చేపల పులుసుకు ఈ లెక్కలో మంచి మార్కులే పడతాయి, వేపుడుకు మాత్రం ఆ హామీ ఇవ్వలేం.

ఫిప్ తినిపించిన మగ ఎలుకలకు ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ వస్తుందని 1997లో జపాన్ పరిశోధకులు చూపించారు. 2007లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. ఎలుక ప్రోస్టేట్‌లో ఉండే భాగాలన్నిటిలోనూ డీఎన్‌ఏ దెబ్బతింది. క్యాన్సర్‌కు ముందరి మార్పులు మాత్రం ఒక్క భాగంలోనే, అదీ వాపు తెచ్చే రోగనిరోధక కణాలు గుమిగూడిన చోటే కనిపించాయి. అంటే దెబ్బ తగిలితే చాలదు, దెబ్బ తగిలిన చోట పరిస్థితి కూడా చెడాలి.

ఆ చెడడం ఎలా ఉంటుందో చెప్పే జన్యువు జీఎస్‌టీపీ1. ఇది తయారుచేసే ఎంజైము, ఫిప్‌లాంటి విషాలకు గ్లూటాథయోన్ అనే చిన్న అణువును తగిలించి కణం నుంచి సాగనంపుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా ఈ జన్యువు పనిచేయడం లేదని 1994 నుంచి తేలుతూ వచ్చింది. విచిత్రమేమిటంటే అందులో అక్షరం కూడా మారలేదు. జన్యువు మొదట్లో మిథైల్ గుంపులనే చిన్న రసాయన బిళ్లలు అతుక్కుపోయి దాన్ని చదవకుండా చేశాయంతే. పుస్తకం చెక్కుచెదరలేదు, పేజీలే అంటుకుపోయాయి. వాపు వల్ల పీక్కుపోయిన ప్రోస్టేట్ భాగాల్లో చాలా కణాలు ఈ ఎంజైమును ఎక్కువగానే తయారుచేసుకుంటాయి. వాటి మధ్యే అక్కడక్కడ ఆ జన్యువు మూగబోయిన కణాలు ఉంటాయి. ఫిప్ చురుకైన రూపాన్ని అలాంటి కణాల మీద వేస్తే డీఎన్‌ఏకు ఎక్కువ హాని జరిగింది, జన్యువును తిరిగి అమర్చితే తగ్గింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లలో ఈ క్యాన్సర్ స్వదేశంలోకన్నా ఎక్కువ. అందులో తిండి వాటా ఎంత, పరీక్షలు ఎక్కువ చేయడం వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. మాడిన మాంసానికీ మనుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం ఇప్పటికీ గట్టిగా రుజువు కాలేదు.

అయినా డీఎన్‌ఏకు జరిగే ఇలాంటి హానిని అడ్డుకుంటాయనుకున్న మాత్రల మీద ఆశ మాత్రం ముందే పుట్టింది. ఫిన్లాండ్‌లో సిగరెట్లు కాల్చేవాళ్లకు విటమిన్ ఇ ఇస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ 32 శాతం తగ్గినట్టు కనిపించింది. మరో అధ్యయనం సెలీనియం అనే ఖనిజం గురించి అలాంటి మాటే చెప్పింది. ఇంకేం, 2001లో ‘సెలెక్ట్’ అనే పెద్ద పరీక్ష మొదలైంది. 35 వేల మందికి పైగా మగవాళ్లు రోజూ మాత్రలు మింగారు. ప్రయోజనం కనబడక 2008లో ఆపేశారు. 2011 నాటికి లెక్క చూస్తే విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది: ఏడేళ్లలో వెయ్యి మందికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 65, వీళ్లలో 76. ఒంట్లో సెలీనియం ముందే పుష్కలంగా ఉన్నవాళ్లకు మళ్లీ సెలీనియం ఇస్తే, తీవ్రమైన రకం క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపైందని 2014లో బయటపడింది.