బీఓడీకి లెక్క ఉంది, నత్రజనికి లేదు: స్వర్ణముఖి మురుగు, గ్రాంట్ల కథ

స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే ఉంటుంది. తిరుపతి దిగువన చాలా నెలలు ఏట్లో పారేది ఊరి మురుగే. దాన్ని పలుచన చేసే నీళ్లు పైనుంచి రావు. ఒక్కో మనిషి నుంచి రోజుకు సుమారు 10 గ్రాముల నత్రజని మురుగులో చేరుతుంది. లక్ష మందికి లెక్కేస్తే టన్ను, అంటే రోజూ 48 యూరియా బస్తాల్లో ఉండేంత. అందులో కొంత ఇసుకలోకి ఇంకి, చెలమల్లోనూ ఒడ్డు బోర్లలోనూ నైట్రేటుగా తేలుతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిబిడ్డలకు ప్రమాదం.

నదుల శుద్ధికి కేంద్రం డబ్బులివ్వడం కొత్తేమీ కాదు. 1985లో గంగా కార్యాచరణ ప్రణాళిక, 1995లో జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళిక, 2015లో పట్టణాల నీరు, మురుగు పనుల కోసం అమృత్, 2021లో దాని రెండో విడత వచ్చాయి. తిరుపతి, చిత్తూరు రెండూ అమృత్ పట్టణాలే. చిక్కంతా కొలతలో ఉంది. ఇన్నేళ్లూ మురుగుశుద్ధి ప్లాంటు పనితీరుకు ప్రధాన గీటురాయి బీఓడీయే, అంటే మురుగులోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. ప్లాంటు నుంచి వదిలే నీటికి కేంద్రం 2015లో తెచ్చిన ముసాయిదా ప్రమాణాలు మొత్తం నత్రజనికి లీటరుకు 10 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. 2017 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ వరుస ఎగిరిపోయింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ 10 అంది. చెరువుల్లోకి వదిలే నీటిలో భాస్వరం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదంది.

ఆ 10 అందుకోవడం తేలిక కాదు. మామూలు ఆక్సిడేషన్ కుంటల్లో బీఓడీ దిగినంతగా నత్రజని దిగదు. కిలో అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి దాదాపు 4.6 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే గాలి ఊదే బ్లోయర్లు ఆగకుండా తిరగాలి. ఆ తర్వాత ఆ నైట్రేటును గాలి అందని ట్యాంకులోకి తిప్పితేనే వాయువుగా పోతుంది. భాస్వరానికి పటిక వేయాలి, అడుగున చేరిన బురద తీయాలి. గ్రాంటు ప్రధానంగా కట్టడానికి వస్తుంది. నెలనెలా కరెంటు బిల్లు కట్టాల్సింది మునిసిపాలిటీ. బ్లోయరు ఆపితే మొదట చెడేది నత్రజని తొలగింపే. దాన్ని పరీక్షించకపోతే ఎవరికీ తెలియదు. దిగువ చెరువులో మాత్రం తెలుస్తుంది. ఈ పోషకాలతో గుర్రపుడెక్క అల్లుకుంటుంది. రాత్రంతా పాచి ఆక్సిజన్ పీల్చేయడంతో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

నత్రజని ఏట్లోకి చేరే రెండో దారి పొలం. 1992లో డీఏపీ, పొటాష్ ధరలపై నియంత్రణ ఎత్తేశారు, యూరియా ధరను మాత్రం అదుపులోనే ఉంచారు. 2010 నాటి పోషక ఆధారిత సబ్సిడీలోనూ యూరియాను చేర్చలేదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంటే రైతు ఇంకో బస్తా ఎందుకు వేయడు? వరిలో వేసిన యూరియా నత్రజని సగం కూడా పైరుకు అందదు. మిగిలిందాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత కాలువ పట్టి పోతుంది. అరణియార్, కాళంగి ఏర్లయితే నేరుగా పులికాట్ సరస్సులోకే. అక్కడ ముఖద్వారాలు ఇసుకతో పూడితే వచ్చింది సముద్రంలోకి పోదు, సరస్సులోనే ఉండిపోతుంది.

2016లో రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి సేద్యం ఈ మూలాన్నే పట్టుకుంది. 2023 జూన్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకం దానికి డబ్బు జోడించేలా రూపొందింది: గత మూడేళ్ల సగటు కన్నా రసాయన ఎరువుల వాడకం తగ్గితే, మిగిలిన సబ్సిడీలో సగం రాష్ట్రానికి గ్రాంటు. ఆలోచన మంచిదే, కొలతే మళ్లీ తప్పు. వానలు లేక సాగు తగ్గినా వాడకం తగ్గుతుంది. మంచి వానల ఏడు రైతు జాగ్రత్త పడినా మొత్తం పెరుగుతుంది. ఈ గ్రాంటు లెక్కలో ఏటి నీళ్ల పరీక్షకు చోటు లేదు.

అందుకే మునిసిపల్ కౌన్సిల్ ముందుకు కొత్త ప్లాంటు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) వచ్చినప్పుడు రెండు అంశాలు అడగాలి: బయటికొచ్చే నీటిలో మొత్తం నత్రజని, భాస్వరం నెలవారీ పరీక్ష ఒకటి; రెండోది, పదేళ్ల కరెంటు, నిర్వహణ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో రాతపూర్వకంగా.