పులి, చిరుత, రేచుకుక్క: ఒకే అడవిలో ఆహారపు పంపకంపై అపోహలు – వాస్తవాలు

మాంసాహార జంతువులు ఏం తింటున్నాయో వాటి మలాన్ని పరీక్షించి తెలుసుకోవడం నా వృత్తి. ఈ విషయంలో బలంగా నాటుకుపోయిన కొన్ని అభిప్రాయాలు అడవుల నిర్వహణకు సంబంధించిన నిర్ణయాల్లోకి కూడా చేరుతున్నాయి కాబట్టి వాటిని ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: పెద్దపులి ఉన్నచోట చిరుతకు, రేచుకుక్కకు (గుంపుగా వేటాడే అడవికుక్కకు) మనుగడ లేదు.

వాస్తవం: కర్ణాటకలోని నాగరహొళెలో ఈ మూడూ కలిసే బతుకుతున్నాయి. వన్యప్రాణి శాస్త్రవేత్తలు ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ 1995లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడ పులి ప్రధానంగా వేటాడే జంతువుల సగటు బరువు 91.5 కిలోలు కాగా, చిరుతకు అది 37.6 కిలోలు, రేచుకుక్కకు 43.4 కిలోలు. అడవిదున్న, కణితి (సాంబార్ అనే పెద్ద జింక) సమృద్ధిగా ఉన్నంతకాలం పులి వాటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. చుక్కల దుప్పులు మిగతా రెండింటికీ అందుబాటులో ఉంటాయి. దొంగవేట వల్ల ముందుగా తగ్గిపోయేవి ఆ పెద్ద జంతువులే. అవి తగ్గినప్పుడు పులి కూడా దుప్పుల మీదే పడుతుంది, అసలైన పోటీ అక్కడ మొదలవుతుంది.

అలాగని పులి వల్ల చిరుతకు నష్టమేమీ లేదనడమూ సరికాదు. ఉత్తరాఖండ్‌లోని రాజాజీ అడవుల్లో ఒక భాగం నుంచి పశుపోషక కుటుంబాలను తరలించాక పులులు పుంజుకున్నాయి. కొద్ది సంవత్సరాల్లోనే చిరుతల సాంద్రత 100 చదరపు కిలోమీటర్లకు సుమారు 9.8 నుంచి 2.1కి పడిపోయింది. చిరుతల ఆహారంలో పెంపుడు పశువుల వాటా, చిన్న జంతువుల వాటా బాగా పెరిగాయి. పులుల సంఖ్య పెరిగిందని సంతోషించే ప్రతి చోటా అడవి అంచున ఉన్న పల్లెల్లో చిరుతల కదలికలను కూడా అదే శ్రద్ధతో గమనించాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: ఇవి వేళలను పంచుకుని వేటాడతాయి.

వాస్తవం: రేచుకుక్క ప్రధానంగా పగటి జంతువన్నది నిజమే. పులి, చిరుత తిరిగే వేళలు మాత్రం చాలావరకు ఒకటే. పైగా ఈ వేళలు శాశ్వతం కావు: ఆరు ఖండాల్లోని 62 క్షీరద జాతుల సమాచారాన్ని క్రోడీకరించి 2018లో వెలువడిన విశ్లేషణ, మనుషుల తాకిడి ఉన్నచోట జంతువులు రాత్రి సంచారం వైపు మొగ్గుతున్నాయని చూపింది.

అపోహ: అడవి పచ్చగా ఉంటే ఆహారం ఉన్నట్టే.

వాస్తవం: ఆ పచ్చదనం బయటి నుంచి వచ్చి దట్టంగా అల్లుకుపోయే లాంటానా పొదలది అయితే వాటి కింద గడ్డి పెరగదు, గడ్డి లేనిచోట దుప్పులు నిలవవు.

అపోహ: మలంలో ఏ జంతువు వెంట్రుకలు ఎక్కువసార్లు కనిపిస్తే అదే ప్రధాన ఆహారం.

వాస్తవం: మలాన్ని నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, ఆరిన వెంట్రుకలను గాజుపలక మీద ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తాం. జింక జాతుల వెంట్రుకల లోపలి భాగం తేనెపట్టు గదుల్లా కనిపిస్తుంది. వేటాడే జంతువు తన ఒంటిని నాక్కున్నప్పుడు మింగిన సొంత వెంట్రుకలు కూడా ఒక్కోసారి దొరుకుతాయి; ఆ మలం ఎవరిదో నిర్ధారించుకోవడానికి అవి ఎంతో ఉపయోగపడతాయి. కుందేలు వంటి చిన్న జంతువులో మాంసంతో పోలిస్తే చర్మం, వెంట్రుకలు ఎక్కువ కనుక, తిన్న ప్రతి కిలోకూ ఎక్కువ మలం వస్తుంది. మలాలను లెక్కించి ఊరుకుంటే చిన్న జంతువుల వాటా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే ప్యూమాలకు (అమెరికా ఖండాల్లోని పెద్ద పిల్లిజాతి జంతువులకు) ఆహారం పెట్టి చేసిన ప్రయోగాల ఆధారంగా 1984లో ఒక సవరణ సూత్రాన్ని రూపొందించారు, ఆ తరువాత దాన్ని ఇంకా మెరుగుపరిచారు.

ఆవు వెంట్రుక దొరికినంత మాత్రాన చిరుతే ఆ ఆవును చంపిందని కూడా చెప్పలేం, ఎందుకంటే చచ్చిన పశువు కళేబరాన్ని తిన్నా అవే వెంట్రుకలు మలంలో కనిపిస్తాయి. ఆ సంగతి తేలాలంటే కళేబరాన్ని త్వరగా చూడాలి: మెడ మీద కోరల గాట్లు ఉండి, ఆ గాట్ల దగ్గర చర్మం కింద రక్తం గడ్డకట్టి ఉంటే, కాటు పడేటప్పటికి ఆ పశువు ప్రాణాలతోనే ఉందని అర్థం.