జున్ను మీద కుట్లు

చిన్నూ, బుజ్జీ,

నిన్న వీడియో కాల్‌లో మీరడిగిన దానికి మీ అమ్మ "పిల్లలు, మీకెందుకు" అని కసిరింది గానీ, అడగాల్సిందే అడిగారు. అమ్మమ్మకి క్లోమంలో గడ్డ ఉందని తెలిశాక కూడా వెంటనే తీసేయకుండా నెలల తరబడి కీమో ఏంటి, అసలే నీరసంగా ఉన్న మనిషి ఇంకా నీరసపడితే ఆపరేషన్‌కి తట్టుకుంటుందా అని. నాకూ అదే టెన్షన్. డాక్టర్‌ని విసిగించి మరీ తెలుసుకున్నాను.

మీ సైన్సు పుస్తకంలో పొట్ట వెనకాల ఆకులా గీస్తారే, అదే క్లోమం. ఇన్సులిన్ ఒక్కటే కాదు, పప్పూ నెయ్యీ మాంసం అన్నిటినీ అరిగించే రసం కూడా అక్కడే ఊరుతుంది. దాని తల భాగంలో గడ్డ వస్తే విపుల్ ఆపరేషన్ చేస్తారు (న్యూయార్క్ సర్జన్ ఆలెన్ విపుల్ 1935లో దాని గురించి రాశాడు, అందుకే ఆ పేరు). క్లోమం తల, ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం), పిత్తాశయం తీసేసి, మిగిలిన క్లోమాన్ని మళ్ళీ పేగుకి కుట్టాలి. గొడవంతా ఆ కుట్టు దగ్గరే.

మామూలు క్లోమం జున్నులా మెత్తగా ఉంటుంది. జున్నుకి కుట్లు వేసి చూడండి, దారం బిగిస్తే తెగొస్తుంది. లోపలి గొట్టం 3 మిల్లీమీటర్లకి మించకపోతే మరీ కష్టం. కుట్టు వదిలిందంటే రసం కారుతుంది, అది మాంసాన్ని అరిగించే రసం కదా, పక్కనున్న రక్తనాళాలనే తినడం మొదలుపెడుతుంది. ఆ లీకునే ఫిస్టులా అంటారు. అందుకే పొట్టలో ట్యూబు పెట్టి, మూడో రోజు నుంచి వచ్చే నీళ్ళలో అమైలేజ్ (క్లోమరసంలో ఉండే ఎంజైమ్) ఎంతుందో చూస్తారు. రక్తంలో ఉండదగ్గ గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే లీకే.

తమాషా ఏంటంటే, గడ్డని చిన్నది చేయడానికి ఇచ్చే చికిత్స క్లోమాన్ని కూడా కాస్త గట్టిపరుస్తుంది, రసం ఊరడం తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 2013 నుంచి 2017 దాకా 246 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు, ప్రియోపాంక్ ట్రయల్ అంటారు. ఒక గుంపుకి ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి తర్వాత ఆపరేషన్, రెండో గుంపుకి నేరుగా ఆపరేషన్. ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళలో, నేరుగా చేయించుకున్న నూటికి 9 మందికి ఫిస్టులా ఇబ్బంది పెట్టింది, ముందు చికిత్స తీసుకున్నవాళ్ళలో ఒక్కరికీ పెట్టలేదు! అయిదేళ్ళు బతికినవాళ్ళు కూడా ఎక్కువే, నూటికి 20 మంది, రెండో గుంపులో 6 చిల్లర.

అలాగని సంబరపడిపోకండి. పెద్ద కాంప్లికేషన్లన్నీ కలిపి లెక్కేస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా అందులో రేడియేషన్ ఉంది, అమ్మమ్మకి ఇస్తున్నది కీమో ఒక్కటే. తేలిగ్గా తీసేయగల గడ్డలకి ముందు ఫోల్ఫిరినాక్స్ (కొన్ని మందులు కలిపి ఇచ్చే కీమో) ఇచ్చి చూసిన నార్డిక్ దేశాల (నార్వే, స్వీడన్ వైపు) ట్రయల్‌లో ఆయుష్షేమీ పెరగలేదు. అమ్మమ్మ గడ్డ రక్తనాళాన్ని ఆనుకుని ఉంది కాబట్టి మా డాక్టర్ ముందు కీమోకే మొగ్గాడు, నాకూ అదే సబబనిపించింది. ముందు ఆపరేషన్ చేసి కీమో తర్వాత ఇద్దామంటే, ఏదైనా తేడా చేస్తే అది వాయిదా పడుతూ పోతుంది, కొందరికి అసలు ఇవ్వడమే కుదరదు.

ఆఖరి డోసు అయ్యాక నాలుగైదు వారాలు ఆగుతారట, తెల్లకణాలు కోలుకోవాలి, ఒళ్ళు కాస్త పట్టాలి. రోజూ రెండు గుడ్లు తినిపిస్తున్నాను, తిట్టుకుంటూ తింటోంది.

బుజ్జీ, నీ జలుబు పూర్తిగా తగ్గాకే రండి. జున్ను తెప్పించి పెడతాను, కుట్లు వేసి చూద్దురుగాని.

మీ తాతయ్య