పక్కటెముక నుంచి చెవి

చెవి డొప్పను ఒకసారి వేలితో తడిమి చూడండి. అంచున ఒక మడత, దాని లోపల ఇంకొకటి, మధ్యలో గుంట, కింద మెత్తటి తమ్మె. అరచేతిలో పట్టేంత జాగాలో ఇన్ని మెలికలు! ఇది లేకుండా పుట్టిన పిల్లలకు కొత్తది చేసిపెట్టడం ప్లాస్టిక్ సర్జరీలో బాగా కష్టమైన పనుల్లో ఒకటి.

గర్భంలో 6వ వారం ప్రాంతంలో 6 చిన్న బొడిపెలు కలిసి డొప్పగా మారాలి. ఆ పని సరిగ్గా సాగకపోతే చెవి చిన్న కండముద్దలా మిగిలిపోతుంది. దీన్నే మైక్రోషియా అంటారు. ఎక్కువగా ఒక వైపే, అదీ కుడివైపే వస్తుంది. చాలాసార్లు చెవి రంధ్రం కూడా మూసుకుని ఉంటుంది. అదృష్టం ఏమిటంటే, లోపలి చెవి వేరేగా తయారవుతుంది కాబట్టి మామూలుగా అది బాగానే ఉంటుంది. తలకు బ్యాండుతో కట్టే పరికరం ఎముక ద్వారా శబ్దాన్ని అక్కడికి చేరవేస్తుంది. రెండు చెవులూ ఇలా ఉంటే నెలల వయసులోనే ఇది పెట్టాలి. అమ్మానాన్నల టెన్షన్ అంతా రూపం గురించే, కానీ కొత్త డొప్పతో వినికిడి రాదు. ముందు చూడాల్సింది వినికిడే.

ఇక డొప్ప సంగతి. 1959లో రాడ్‌ఫోర్డ్ టాంజర్ అనే అమెరికన్ సర్జన్ చూపించిన దారే ఇప్పటికీ ముఖ్యమైనది. బాగున్న చెవి ఆకారాన్ని పారదర్శక ఫిల్ము మీద గీసి, తిరగేస్తారు. పిల్లాడి పక్కటెముకల మృదులాస్థిని (ఎముక కంటే మెత్తగా, వంగేలా ఉండే భాగాన్ని) తీసి, ఆ కొలతకు చెక్కి, సన్నని తీగతో కుట్టి, చర్మం కింద అమరుస్తారు. చర్మం మందం వల్ల గాడులు పూడిపోయినట్టు కనిపిస్తాయి కనుక కావాలనే కాస్త లోతుగా చెక్కుతారు. సన్నని గొట్టాలతో లోపలి గాలి పీల్చేస్తే చర్మం మడతల్లోకి అతుక్కుంటుంది. తర్వాత ఇంకో ఆపరేషన్‌లో చెవిని తల నుంచి పైకి లేపుతారు.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలో చెప్పేది చెవి కాదు, ఛాతీ. అమెరికన్ సర్జన్ బర్ట్ బ్రెంట్ పద్ధతిలో సుమారు 6 ఏళ్లకు మొదలుపెడతారు. జపాన్ సర్జన్ సతోరు నగాటా పద్ధతికి ఎక్కువ మృదులాస్థి కావాలి కాబట్టి 10 ఏళ్ల వయసూ, 60 సెంటీమీటర్ల ఛాతీ చుట్టుకొలతా వచ్చేదాకా ఆగుతారు. పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ చట్రంతో అయితే 3, 4 ఏళ్లకే చేయొచ్చు, ఎముక జోలికి పోనక్కర్లేదు. కాకపోతే అది పరాయి పదార్థం, పైన చర్మం తెగితే మానడం కష్టం.

ఆగడంలో ఒక లాభం ఉంది. 10 ఏళ్ల పిల్లల్ని అడగొచ్చు. అక్కర్లేదనే పిల్లలూ ఉంటారు.